లేనిదేదో చెప్పవద్దా?

ప్రోగ్రాములు వ్రాసే పిల్లలు లేని ఇల్లు మన సభ్యులలో ఇప్పుడు అరుదు. ఫలితానికి బదులు ‘అటువంటి మాడ్యూల్ లేదు’ అనే ముక్తసరి సందేశం తెరపై కనబడితే, తప్పు తమదేనని తలచి వారు రాత్రంతా వెదుకుతారు. పెక్కు సందర్భాలలో లోపం వారిది కాదు, ఆ సందేశం వ్రాసినవారిదని నా అభిప్రాయం.

ఏ ప్రోగ్రామైనా ఇతరులు వ్రాసిన లైబ్రరీలపై ఆధారపడుతుంది. వాటిలో కొన్ని అనివార్యం, కొన్ని ఐచ్ఛికం. చింతపండు లేనిదే చింతపండు పులిహోర లేదు. ఇంగువ లేకున్నా గడచిపోతుంది. ఐచ్ఛికమైనవాటిని అందరి నెత్తిన రుద్దకపోవడం సబబే. అయితే ఐచ్ఛికమన్నది రచయిత దృష్టిలోని మాట. ఎక్సెల్ పట్టికలోని కొలతలు చదువవలసిన విద్యార్థికి, ఆ పట్టికను తెరిచే లైబ్రరీయే చింతపండు.

ఇది ఊహించి చెప్పుతున్నది కాదు. పైథాన్ భాషలో పట్టికల లెక్కలకు పాండాస్ ప్రసిద్ధం. ఎక్సెల్ పత్రాలు చదవడానికి అది చాలాకాలం ఎక్స్‌ఎల్‌ఆర్‌డి అనే లైబ్రరీని ఆశ్రయించింది. 2020 డిసెంబరులో వెలువడిన ఆ లైబ్రరీ 2.0 కూర్పు, ఎక్సెల్ 2007తో వచ్చిన కొత్త తరహా పత్రాలను విడిచిపెట్టి పాతవాటికే పరిమితమైంది. పాత పాండాస్ పక్కన ఈ కొత్త కూర్పు చేరిన కంప్యూటర్లలో, నిన్న తెరుచుకొన్న పత్రం నేడు తెరుచుకోలేదు. ‘ఈ తరహాకు మద్దతు లేదు’ అన్న సందేశం చూస్తే పత్రమే చెడిందేమోనన్న అనుమానం కలుగుతుంది. ఓపెన్‌పైఎక్స్‌ఎల్ అనే మరొక లైబ్రరీని చేర్చి, దానితో చదవమని అడిగితే సరిపోయేది. ఇప్పటి పాండాస్ మాత్రం లోపించిన లైబ్రరీ పేరు, దాన్ని స్థాపించే ఉపాయం రెండూ ఒక్క సందేశంలో చెప్పుతుంది. అదీ మర్యాద!

చెప్పడమే కాదు, వేళకు చెప్పాలి. ఆరు గంటల గణన ముగిసి, ఫలితాన్ని భద్రపరచబోయేటప్పుడు ‘అందుకు తగిన లైబ్రరీ లేదు’ అని ప్రోగ్రామ్ ఆగిపోతే, ఆ ఆరు గంటలూ గంగలో కలిసినట్లే. ద్రావణాన్ని మరిగించకముందే కండెన్సర్‌లో నీరు పారుతున్నదా అని మేము చూసుకొంటాము. ఆ పాటి తనిఖీ ఇక్కడ రెప్పపాటు పని.

అంతకంటె ప్రమాదకరం మౌనం. వెబ్ పుటలను విశ్లేషించే బ్యూటిఫుల్ సూప్, ఏ పార్సరు కావాలో మనం చెప్పకపోతే అందుబాటులో ఉన్నదాన్ని ఎన్నుకొంటుంది. పుట నిర్మాణం సరిగా లేనప్పుడు రెండు కంప్యూటర్లలో రెండు ఫలితాలు రావచ్చు. అందుకే అది హెచ్చరిక ఇస్తుంది; హెచ్చరిక కూడా ఇవ్వక ప్రత్యామ్నాయానికి జారుకొనే ప్రోగ్రాములతోనే నా తగవు. ద్రావణిని మార్చి నోటుపుస్తకంలో వ్రాయని సహాయకుణ్ణి ఏ ప్రయోగశాల సహిస్తుంది?

వేతనం లేక స్వచ్ఛందంగా వ్రాసేవారిని ఇంతగా అడగడం న్యాయమా అని కొందరనవచ్చు. నిజమే, వారి ఋణం తీరేది కాదు. కాని సందేశంలో ఒక వాక్యం చేర్చే శ్రమ మనవంటివారమూ పంచుకోవచ్చు. పాండాస్ మూలప్రతి అందరికీ అందుబాటులో ఉన్నది; సవరణను ఎవరైనా ప్రతిపాదించవచ్చు. ఇట్టి చిక్కు ఎదురైన పిల్లలను, పరిష్కారం దొరికిన మరునాడే ఆ వాక్యం వ్రాసి పంపమనండి.