అగ్గిపెట్టెలో ఎకరం

మొన్న వేసవిలో జగిత్యాలలో చుట్టాలింటికి వెళ్ళాను. మే నెలలో అక్కడ ఎండ 45 డిగ్రీలు దాటడం కద్దు. పంకా కింద కూర్చుని ఉస్సురంటూంటే, కోరుట్ల నుంచి వచ్చిన మా మేనత్త అంది: "పొయ్యి పొగ, బీడీ పొగ కండ్లకు కనబడ్తయి. కరెంటుకు పొగ లేదు, నయం కాదు బిడ్డా!"

పొగ లేకపోలేదు. మన ఇంట్లో లేదు, అంతే. అది రామగుండంలో ఉంది. బొగ్గు మండించి తీసే కరెంటు ప్రతి యూనిట్టుకూ దాదాపు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు గొట్టం మీదుగా ఆకాశానికి పోతుంది. బూడిదను యంత్రాలు చాలావరకు పట్టేస్తాయి. కంటికి కనిపించని ఈ వాయువు మాత్రం తప్పించుకుపోయి, భూమికి దుప్పటి కప్పుతుంది. ఎండకు పంకా, పంకాకు బొగ్గు, బొగ్గుకు మళ్ళీ ఎండ!

మరి దీన్ని పట్టుకోలేమా? పొగలో ఈ వాయువు నూటికి 12 నుంచి 15 పాళ్ళే. మిగతాది చాలావరకు నత్రజని. ఏరడానికి మంచి జల్లెడ కావాలి. అటువంటి జల్లెడలకు దారి చూపిన కితగావా, రాబ్సన్, యాఘీ అనే ముగ్గురికి 2025లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది. లోహపు అణువులు కూడళ్ళుగా, కర్బన అణువులు వాసాలుగా కట్టిన గూళ్ళవి. సిరిసిల్ల నేతగాడు అగ్గిపెట్టెలో పట్టే చీర నేశాడని విన్నాం కదా! ఈ గూళ్ళలో కొన్నిటి లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే, ఒక్క గ్రాము ఎకరం నేలను మించుతుంది.

చిక్కులూ ఉన్నాయి. పొగలో తడి ఉంటుంది. చాలా గూళ్ళు వాయువును వదిలి నీటినే పట్టుకుంటాయి. కెనడాలో కాల్గరీ విశ్వవిద్యాలయం వారు జింకుతో చేసిన 'కాల్ఫ్-20' తడిని తట్టుకుంది. దాన్ని సిమెంటు ఫ్యాక్టరీ పొగలో పరీక్షించారు. అయినా పట్టిన వాయువును విడిపించాలంటే మళ్ళీ వేడి కావాలి. ఆ వేడికీ ఖర్చే.

మన దేశంలో వింధ్యాచల్ విద్యుత్ కేంద్రంలో 2022లో, ద్రావణంతో రోజుకు 20 టన్నులు పట్టే యంత్రాన్ని నెలకొల్పారు. 500 మెగావాట్ల యూనిట్టు ఒక్కటి రోజంతా నిండుగా నడిస్తే వెలువడేది పది వేల టన్నులు దాటుతుంది!

ఇదంతా చెప్పాక అత్తయ్య తల పంకించింది. "జల్లెడ మంచిదే. సిరిసిల్లల మన పిల్లకు రెండు మరమగ్గాలున్నయి. దాని ఖర్చు ఎవరి బిల్లుల ఏస్తరు బిడ్డా?"

పంకా తిరుగుతూనే ఉంది. నా దగ్గర మాత్రం జవాబు లేదు.