పెద్దలకు పట్టిక విద్య

నార్త్ కరోలినాలోని క్యారీ పట్టణం గణాంక విజ్ఞానానికి పేరెన్నికగన్నది. 1976లో స్థాపితమైన ఎస్.ఏ.ఎస్. సంస్థ ప్రధాన కార్యాలయం 1980 నుండి ఇక్కడనే ఉన్నది. ఇటువంటి ఊరిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో సైతం "పిల్లలున్నారు గదా" అని పెద్దలు కంప్యూటరుకు దూరంగా ఉండడం సమంజసం కాదు.

1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ రూపొందించిన విసికాల్క్ నాటినుండి స్ప్రెడ్‌షీట్ సూత్రం ఒక్కటే: ఒక గడిలోని అంకె మారితే దానిపై ఆధారపడిన గడులన్నీ మారుతాయి. పద్దులు వ్రాసినవారికి ఇది అపరిచిత విద్య కాదు.

స్వదేశం నుండి తెచ్చుకున్న ఛాయాచిత్రాలు ఏటేటా వెలిసిపోతున్నవి. వాటిని స్కాన్ చేయడం పిల్లలకు సులభం. అందులోనివారెవరో చెప్పడం పెద్దలకే సాధ్యం. నైపుణ్యం ఒకరివద్ద, జ్ఞాపకం మరొకరివద్ద ఉన్నప్పుడు ఆలస్యం వలన నశించేది జ్ఞాపకమే.

కావున మొదట నేర్వవలసినది పట్టిక: చిత్రసంఖ్య, పేరు, బంధుత్వం, ఊరు, సంవత్సరం. ఎక్సెల్ 1900కు పూర్వపు తేదీలను తేదీలుగా గుర్తించదు; ముత్తాతల జన్మదినాలకు సంవత్సరం, నెల, రోజు వేర్వేరు గడులలో వ్రాయడం మేలు.

ఆ పిదపనే చిత్రసంస్కరణ. 1990లో వెలువడిన ఫోటోషాప్ కానీ, ఉచితంగా లభించే గింప్ కానీ దీనికి చాలును. మూలప్రతిని యథాతథంగా భద్రపరచి, నకలుపైననే గీతలు చెరపాలి. కృత్రిమ మేధ నలుపు తెలుపు చిత్రానికి అద్దే రంగు ఊహయే గాని సాక్ష్యం కాదు. అమ్మమ్మ పెండ్లి చీర రంగు ఆమెనే అడిగి పట్టికలో వ్రాయవలసియున్నది.

వారానికొక గంట మనుమలు ప్రక్కన కూర్చొంటే చాలును. మౌస్ మాత్రం పెద్దల చేతిలోనే ఉండాలి.