'క్లాజు' తెలియకుంటే కాగితం బోధపడదు
తెలుగు వాక్యం నుంచే ఆంగ్ల వాక్యాన్ని నేర్పాలి

బద్వేలు: పదో తరగతి పరీక్షలు దగ్గర పడితే చాలు, ఈ ప్రాంతంలోని పల్లె పిల్లలు ఆంగ్ల వ్యాకరణాన్ని వల్లె వేయడం మొదలుపెడతారు. సింపుల్ అంటే ఒక క్లాజు, కాంపౌండ్ అంటే రెండు సమాన క్లాజులు, కాంప్లెక్స్ అంటే ఒక ప్రధాన క్లాజు, దాన్ని ఆశ్రయించిన మరో క్లాజు అని గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. అదే పిల్లవాడి చేతికి బ్యాంకు నుంచి తండ్రికి వచ్చిన నోటీసు ఇచ్చి, ఇందులో ఏమి రాసుందో చెప్పమంటే నీళ్లు నములుతాడు. పుస్తకంలోని క్లాజుకూ, నోటీసులోని క్లాజుకూ సంబంధం ఉన్నదని అతనికి ఎవరూ చెప్పలేదు. లోపం పిల్లవాడిది కాదు, చెప్పే పద్ధతిది.

ఆంగ్ల మాధ్యమం కావాలా, తెలుగు మాధ్యమం కావాలా అన్న వాదన రాష్ట్రంలో చాలాకాలంగా సాగుతున్నది. 2019 నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెడుతూ ఉత్తర్వులు వెలువడ్డాయి. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. ఆ తర్వాత ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఆంగ్లం ఉన్న పాఠ్యపుస్తకాలు పిల్లల చేతికి వచ్చాయి. ఏ మాధ్యమం మంచిదన్న సంగతి అలా ఉంచినా, ఎదురెదురుగా ఉన్న ఆ రెండు పుటల నడుమ వంతెన ఏదన్న ప్రశ్న మిగిలే ఉంది. ఆ వంతెన వాక్య నిర్మాణమే.

అయితే ఏమి?

వానను నమ్ముకుని బతికే మెట్ట రైతు నోట రోజూ వచ్చే మాటే తీసుకుందాం. 'వాన పడితే వేరుశనగ విత్తుతాం.' ఇందులో 'వేరుశనగ విత్తుతాం' అన్నది ఒక్కటే చెప్పినా వినేవాడికి సరిపోతుంది. 'వాన పడితే' అని ఊరుకుంటే మాత్రం ఎదుటివాడు 'పడితే ఏమి?' అని అడుగుతాడు. అలా అడిగించుకునే ముక్కే ఆశ్రిత ఉపవాక్యం, అంటే సబార్డినేట్ క్లాజు. తన కాళ్ల మీద తాను నిలబడే ముక్క ప్రధాన వాక్యం, అంటే మెయిన్ క్లాజు. ఆంగ్లంలో అదే మాట 'ఇఫ్ ఇట్ రెయిన్స్, వుయ్ విల్ సో గ్రౌండ్‌నట్' అవుతుంది. తెలుగులో 'పడితే' అన్న క్రియ చివర ఉన్న 'తే' చేసే పనిని, ఆంగ్లంలో ముందు నిలబడి 'ఇఫ్' చేస్తుంది. ఇంతే తేడా. తోక చేసే పని తల చేస్తుందని చెబితే ఆరో తరగతి పిల్లవాడికైనా బోధపడుతుంది.

'వాన పడింది కానీ చెరువు నిండలేదు' అంటే రెండు ముక్కలూ సమానమే. రెండూ విడివిడిగా నిలబడతాయి. ఇది కాంపౌండ్. 'వాన పడినా చెరువు నిండలేదు' అంటే మొదటి ముక్క రెండోదాన్ని పట్టుకుని వేలాడుతున్నది. ఇది కాంప్లెక్స్. ఆంగ్లంలో మొదటిదానికి 'బట్', రెండోదానికి 'దో' వాడాలి. మన పిల్లలు ఈ రెంటినీ కలిపి 'దో ఇట్ రెయిన్డ్, బట్ ద ట్యాంక్ డిడ్ నాట్ ఫిల్' అని రాసి మార్కులు పోగొట్టుకుంటారు. 'వాన పడినా కానీ' అని మనం మాటల్లో అనడం కద్దు. ఆంగ్లం దానికి ఒప్పుకోదు. ఒక కాడికి ఒక మోకు చాలు, రెండు కడితే ఎద్దు కదలదని చెప్పే అయ్యవారు ఉంటే ఈ తప్పు జన్మలో రాదు.

పేరు ఒకటే, లెక్క వేరు

పిల్లలను తికమక పెట్టే మరో సంగతి ఉంది. తెలుగు పీరియడులో సామాన్య వాక్యం, సంయుక్త వాక్యం, సంశ్లిష్ట వాక్యం అని చెబుతారు. ఆంగ్ల పీరియడులో సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్ అంటారు. ఇవీ అవీ ఒకటేనని పిల్లవాడు అనుకుంటాడు. చాలావరకు ఒకటే, కానీ అన్నిచోట్లా కాదు.

'రైతు బద్వేలు వచ్చి విత్తనాలు కొన్నాడు' అన్నది తెలుగు పుస్తకం ప్రకారం సంశ్లిష్ట వాక్యం. 'వచ్చి' అన్న అసమాపక క్రియ అందులో ఉన్నది కనుక. అదే మాట ఆంగ్లంలో 'హ్యావింగ్ కమ్ టు బద్వేల్, ద ఫార్మర్ బాట్ సీడ్స్' అని రాస్తే, బడి వ్యాకరణం దాన్ని సింపుల్ సెంటెన్స్ అంటుంది. కర్తతో, కాలంతో పూర్తిగా ముడిపడిన క్రియ అక్కడ 'బాట్' ఒక్కటే కనుక. ఒకే మాట తొమ్మిది గంటల పీరియడులో సంశ్లిష్టం, పది గంటల పీరియడులో సింపుల్. రెండు పీరియడుల అయ్యవార్లూ ఒకచోట కూర్చుని ఈ తేడా పిల్లల ముందు విప్పి చెప్పడం అరుదు. పిల్లవాడు మాత్రం తనకే తెలివి లేదనుకుని ఆంగ్లానికి దణ్ణం పెడతాడు.

'నిన్న వచ్చిన మనిషి' అన్న మాట చూడండి. తెలుగులో 'వచ్చిన' అన్నది మనిషికి ముందు వస్తుంది. ఆంగ్లంలో మనిషి ముందు వచ్చి, 'హూ' అన్న కొక్కెం తగిలించి 'ద మ్యాన్ హూ కేమ్ ఎస్టర్‌డే' అనాలి. ద్రావిడ భాషలు ఇలా క్రియాజన్య విశేషణాలతో పని నడుపుకుంటాయని, ఆంగ్లంలోని 'హూ' వంటి సర్వనామాలు వీటికి అక్కరలేదని కాల్డ్వెల్ 1856లో అచ్చయిన తన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలోనే చూపించాడు. ప్రశ్నల సంగతీ అంతే. 'బస్సు ఎక్కడుంది?' అంటే 'వేర్ ఈజ్ ద బస్?' 'బస్సు ఎక్కడుందో తెలియదు' అంటే 'ఐ డు నాట్ నో వేర్ ద బస్ ఈజ్'. తెలుగులో చివర ఒక 'ఓ' చేరితే ప్రశ్న కాస్తా ఉపవాక్యమైపోతుంది. ఆంగ్లంలో మాటల వరుస మారాలి. ఇది తెలియకనే డిగ్రీ చదివినవారు కూడా 'ఐ డు నాట్ నో వేర్ ఈజ్ ద బస్' అంటుంటారు.

కొంప ముంచే చిన్న మాటలు

ఇదంతా మార్కుల గొడవేనని పెద్దలు కొట్టిపారేయకూడదు. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా నిబంధనల్లో, వడగళ్లు, ముంపు వంటి స్థానిక విపత్తులో పంట పోతే 72 గంటల్లోగా తెలియజేయాలన్న షరతు ఉన్నది. కోసి కల్లంలో ఆరబెట్టిన పంట అకాల వానకు తడిసినా అదే గడువు. ఇలాంటి షరతును ఆంగ్లంలో రాసేవారు సాధారణంగా 'అన్‌లెస్' వాడతారు. 'అన్‌లెస్ ద లాస్ ఈజ్ రిపోర్టెడ్ వితిన్ 72 అవర్స్, ద క్లెయిమ్ విల్ నాట్ బి పెయిడ్.' తెలుగులో 'తెలపకపోతే సొమ్ము రాదు' అని రెండుచోట్లా లేదనే మాట కనబడుతుంది. ఆంగ్లంలో మొదటి 'లేదు' అన్నది 'అన్‌లెస్' కడుపులోనే దాగి ఉంటుంది. అది పట్టుకోలేనివాడు 'నష్టం తెలిపితే సొమ్ము రాదట' అని తండ్రికి చెప్పే ప్రమాదం ఉంది. ఒక్క మాట తిరగబడితే ఏడాది కష్టం తిరగబడినట్లే.

'హూ' పక్కన పెట్టే కామా కూడా తక్కువది కాదు. 'ద ఫార్మర్స్ హూ లాస్ట్ దెయిర్ క్రాప్స్ విల్ గెట్ రిలీఫ్' అంటే పంట పోయినవారికే సాయం. 'ఫార్మర్స్' తర్వాత ఒకటి, 'క్రాప్స్' తర్వాత ఒకటి కామాలు పెడితే, చెప్పుకుంటున్న రైతులందరికీ పంట పోయింది, అందరికీ సాయం అందుతుంది అని అర్థం. తెలుగులో 'పంట పోగొట్టుకున్న రైతులకు సాయం' అన్న మాట ఈ రెండు అర్థాలకూ సరిపోతుంది. కనుక ఆంగ్లంలో కామా ఎందుకు పెట్టారో చూసే అలవాటు మనకు లేదు.

కడప జిల్లా నుంచి కువైట్‌కు పొట్ట చేతపట్టుకుని పోయేవారు ఏటా ఉంటూనే ఉన్నారు. చేతికిచ్చే ఒప్పంద కాగితంలో 'ఇఫ్' ఎక్కడుందో, 'ఆఫ్టర్' ఎక్కడుందో, 'ఓన్లీ వెన్' ఎక్కడుందో చదువుకోగల మనిషి ఇంట్లో ఒక్కరుంటే ఏజెంటు మాటను కాగితంతో సరిచూసుకోవచ్చు. రెండేళ్లు పూర్తయ్యాకనే తిరుగు టిక్కెట్టు అన్నారా, ఎప్పుడు వచ్చినా ఇస్తామన్నారా అన్నది ఆ చిన్న ముక్కలోనే ఉంటుంది. రిజిస్ట్రారు ఆఫీసులో 'ఫలానా క్లాజు ప్రకారం' అన్న మాట మన రైతులకు కొత్త కాదు. బడిలో నేర్పే క్లాజు వాక్యంలో ఒక ముక్క, కాగితంలోని క్లాజు ఒక షరతు. మొదటిది విడదీయడం వచ్చినవాడికే రెండోది చదవడం వస్తుంది.

బ్రౌన్ దొర నడిచిన దారి

ఆంగ్లేయుడైన సి.పి. బ్రౌన్ 1820లో ఉద్యోగరీత్యా కడప వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1840లో తెలుగు వ్యాకరణాన్ని ఆంగ్లంలో రాసి అచ్చు వేయించాడు. 1852లో తెలుగు-ఆంగ్ల నిఘంటువు తెచ్చాడు. తనకు తెలిసిన భాషను ఆసరా చేసుకుని తెలియని భాషలోకి నడిచాడు. ఈ జిల్లా బిడ్డలకు ఆయన దారి ఎదురుగానే ఉంది. వారు అదే దారిలో అటునుంచి ఇటు కాక, ఇటునుంచి అటు నడవాలి. తెలుగును పక్కకు నెట్టి ఆంగ్లం నేర్పుతామనడం, నిచ్చెన తీసేసి మిద్దె ఎక్కమనడమే.

వ్యాకరణం ఎందుకు, గడగడా మాట్లాడితే చాలదా అనేవారున్నారు. మాట్లాడటానికి వినికిడి చాలునేమో కానీ, సంతకం పెట్టేముందు చదవడానికి చాలదు. మరికొందరు, అసలు కాగితాలన్నీ తెలుగులోనే ఇవ్వాలి కదా అంటారు. న్యాయమైన మాట. తెలుగును అధికార భాషగా చేస్తూ చట్టం 1966లోనే వచ్చింది. ఆ హక్కును గట్టిగా అడగవలసిందే. అయితే అది నెరవేరేదాకా నోటీసులు ఆగవు, బీమా గడువు ఆగదు.

దీనికి కొత్త భవనాలు అక్కరలేదు, నిధులు అక్కరలేదు. వారానికి ఒక్క పీరియడు తెలుగు అయ్యవారూ, ఆంగ్ల అయ్యవారూ కలిసి ఒకే వాక్యాన్ని రెండు భాషల్లో విప్పి చూపితే చాలు. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఆంగ్లం ఉన్న పుస్తకాలు అందుకు పనికివస్తాయి. 'సింపుల్‌ను కాంప్లెక్స్‌గా మార్చుము' అన్న ప్రశ్నతో పాటు, 'ఈ నోటీసు ప్రకారం ఎవరికి సొమ్ము రాదు?' అన్న ప్రశ్న కూడా పరీక్షలో ఉండాలి. బీమా కరపత్రం, పురుగుమందు డబ్బా మీది సూచన, బ్యాంకు కాగితం తరగతి గదిలోకి రావాలి.

బడి కమిటీల్లో కూర్చునే తల్లిదండ్రులు మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్లు గురించి అడిగినట్లే దీన్నీ అడగాలి. 'మా వాడికి ఎన్ని మార్కులు వచ్చాయి?' అన్న ప్రశ్న తర్వాత, 'ఈ కాగితం చదివి మాకు చెప్పగలడా?' అని అయ్యవారిని ఒక్కమాట అడగాలి. విద్యాశాఖ అధికారులు ఈ విషయమై ఆలోచించి, రానున్న విద్యా సంవత్సరంలోనైనా ఈ ఉమ్మడి పీరియడుకు వీలు కల్పించడం అవసరం.