నూనె డబ్బా: గొలుసు మోత విని ఊరుకోకండి

పోయిన నెల కుట్టుమిషను గురించి రాస్తే ఆడవాళ్లు బాగుందన్నారు. గల్లీ పిల్లలు మాత్రం, "కాకా, మా బండ్ల గురించి ఎప్పుడు రాస్తవ్?" అని పట్టుకున్నారు. ఈ నెల రాస్తున్నా. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. అది చెప్పకుండా మిగతాది చెప్తే బాగుండదు.

మా అక్క కొడుకు అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లో టవల్ సాంచెలు నడుపుతాడు. ఏడాది కింద అప్పు చేసి సెకండ్‌హ్యాండ్‌లో యమహా ఆర్15 కొన్నాడు. మూడో వర్షన్, బీఎస్6 బండి. ఇంటి కిరాయి కంటే బండి కిస్తీ ఎక్కువ. నాకు కోపం వచ్చింది. "మామా, ఒక్కసారి కూర్చొని చూడు" అని వాకిట్లోకి తెస్తే నేను లోపలికి పోయిన.

బండి మంచిదే. అది ముందు చెప్పాలి. 155 సీసీ ఇంజను, నీళ్లతో చల్లబడేది, 6 గేర్లు. బలం 18.6 పీఎస్, అది 10,000 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. 7,400 దాటితే లోపల ఇంకో క్యామ్ పని మొదలుపెట్టి గాలి ఎక్కువ పీలుస్తుంది. ట్యాంకు నిండా పెట్రోలు పోస్తే బండి బరువు 142 కిలోలు. ముందు డిస్కు 282 మిల్లీమీటర్లు, వెనక టైరు 140 వెడల్పు.

పిల్లలకు ఈ అంకెలన్నీ నోటికొచ్చు. వాటి అర్థం మన లెక్కలో చెప్తా. మన సాంచె నిమిషానికి నూరు, నూట ఇరవై పేకలు కొడుతుంది. అంతమాత్రానికే పొద్దునొకసారి, షిఫ్టు మారినప్పుడొకసారి నూనె పోస్తాం. ఈ ఇంజను గట్టిగా తిప్పితే సెకనుకు 166 సార్లు తిరుగుతుంది. పిస్టన్ ఒక్కో తిరుగుడుకు 58.7 మిల్లీమీటర్లు పైకి, అంతే కిందికి పోతుంది. అంటే సెకనుకు పంతొమ్మిదిన్నర మీటర్ల పరుగు. ఇనుముకూ ఇనుముకూ నడుమ పలచని నూనె పొర ఒక్కటే. బలం ఎక్కువైన కొద్దీ సేవ ఎక్కువ కావాలి. సేఠ్ సాంచెకు రోజూ నూనె పోసే పిల్లలు సొంత బండికి నెలకొకసారి కూడా పొయ్యరు.

ఇప్పుడు నా తప్పు. శ్రావణంలో ఒకరోజు మావోడు గల్లీ మలుపు తిరుగుతుంటే గొలుసు టపటపా కొట్టుకునే మోత విన్న. నేను ఇరవై ఏడేండ్ల జాబర్‌ను. గేటు దగ్గర నిలబడి ఏ సాంచె పికింగ్ తప్పిందో చెప్తా. ఆ గొలుసు వదులైందని, ఎండిపోయిందని నాకు ఆ క్షణమే తెలిసింది. కోపంతో నోరు తెరవలే. "కొనుక్కున్నోడు చూసుకుంటడు" అనుకున్న.

పదిహేను రోజులకు తుళజాపూర్ నుంచి తిరిగొస్తుంటే ఘాట్ దిగేచోట గొలుసు ఊడింది. వెనక చక్రం పట్టేసింది. బండి పడి జారుకుంటూ పోయింది. వెనక లారీ లేదు, హెల్మెట్ ఉంది. మోచేయి, మోకాలు చెక్కుకుపోయి పన్నెండు రోజులు సాంచె మీదికి పోలేదు. రెండు వారాల పగార్ పాయె. మా అక్క నన్నేమీ అనలేదు. ఆమెకు తెలియదు, నేను ఆ మోత విన్నానని. ఇప్పుడు చదివితే తెలుస్తది.

దవాఖాన నుంచి వచ్చినంక గొలుసు తీసి చూసిన. మూడు నెలల పత్తి దుమ్ము నూనెలో ముద్దై పట్టింది. కార్ఖానాలో సాంచెకు పోసే పలచని నూనె పూశాడంట. అది చక్రం తిరిగితే ఎగిరిపోయి టైరు మీద, డిస్కు మీద పడుతుంది. గొలుసుకు మిగిలేది ఏమీ ఉండదు. కాబట్టి పిల్లలూ, ఇది కత్తిరించి పెట్టుకోండి.

గొలుసు: 500 కిలోమీటర్లకొకసారి, వాన తడిస్తే అదే రోజు. కిరసనాయిలు, మెత్తటి బ్రష్ చాలు. పెట్రోలు వద్దు, ఇనుప బ్రష్ వద్దు. లింకుల నడుమ రబ్బరు రింగులుంటే పాడవుతాయి, లోపలి గ్రీజు పోతుంది. ఇంజను ఆపి, చక్రం చేత్తో తిప్పుతూ తుడవండి. నడుస్తున్న బండి గొలుసు దగ్గర వేలు పెట్టొద్దు. ఆరినంక గొలుసు ల్యూబ్ కొట్టండి. కింది వరస నడుమ వేలితో ఎత్తి వదులు చూడండి. ఎంత ఉండాలో బండి పుస్తకంలో ఉంటుంది. బిగించేటప్పుడు రెండు పక్కల గీతలూ ఒక్కచోటే ఉండాలి. అరిగిన గొలుసు మారిస్తే పళ్ల చక్రాలు రెండూ మార్చండి.

ఇంజను నూనె: 10డబ్ల్యూ-40, డబ్బా మీద జాసో ఎంఏ అని ఉండాలి. ఈ బండ్లలో క్లచ్ కూడా అదే నూనెలో మునిగి ఉంటుంది. కారు నూనె పోస్తే క్లచ్ జారుతుంది. బండిని నిలువుగా పెట్టి మట్టం చూడాలి, సైడ్ స్టాండ్ మీద కాదు.

కూలెంట్: మన షోలాపూర్ ఎండకు ఇది ప్రాణం. బోరు నీళ్లు పొయ్యొద్దు. సైజింగ్ బాయిలరులో సున్నం పట్టడం చూసినోళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వేడి ఇంజను మీద రేడియేటరు మూత తియ్యొద్దు. కార్ఖానా తలుపు దగ్గర బండి పెట్టేవాళ్లు రేడియేటరు రెక్కల్లో చేరిన దూది తీయండి.

బ్రేకు నూనె: గాలిలో తేమ పీల్చుకుంటుంది. రెండేండ్లకొకసారి మార్చాలి. ఏ రకమో గిన్నె మూత మీదే రాసి ఉంటుంది.

టైర్లు: పొద్దున్నే, బండి తీయకముందు గాలి చూడండి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. సెకండ్‌హ్యాండ్ బండి కొనేవాళ్లు ముందు ఈ అంకె చదవండి.

ఇంత రాస్తే పెద్ద పనిలా కనబడుతుంది. చేస్తే గొలుసుకు అరగంట, మిగతావాటికి పది నిమిషాలు.

ఇప్పుడు సెలవు రోజు మావోడు కిరసనాయిలు సీసా పట్టుకొని మా వాకిట్లోకి వస్తడు. నేను స్టూలు వేసుకొని కూర్చుంటా. మొన్న మొదటిసారి బండెక్కి గల్లీ చివరిదాకా పోయొచ్చిన. "ఎట్లుంది మామా?" అన్నడు. "గొలుసు చప్పుడు లేదు" అన్న.

వచ్చే నెల: మిక్సీ ఎందుకు కాలుతుంది.