లక్ష్మికీ లక్ష్మమ్మకూ మధ్య ఆగిన పింఛన్

వికారాబాద్, తాండూరు పట్టణాల వారికి, చుట్టుపక్కల పల్లెల వారికి, తండాల వారికి ఒక మాజీ సైనికుడి విన్నపం.

ముందే చెప్పేస్తాను, నేను చందా అడగడం లేదు. ఏటా డిసెంబరు 7న బడిలోనో ఆఫీసులోనో ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండాను చొక్కాకు గుచ్చి డబ్బులు వేయించుకుంటారు కదా. ఆ డబ్బులు మీరు ఎలాగూ ఇస్తున్నారు. 1949 నుంచి ఈ దేశంలో సైనిక పతాక దినం జరుగుతూనే ఉంది. నేను అడిగేది నెలకో పూట. కాస్త చదువు, కాస్త ఓపిక, చేతిలో మంచి ఫోను ఉన్న మనిషి నెలలో ఒక్క పూట ఇస్తే చాలు.

సైన్యంలో నేను క్లర్కుగా పనిచేశాను. తుపాకీతో కంటే టైపు మిషన్‌తోనే నాకు ఎక్కువ సావాసం. అందుకే నా దగ్గర యుద్ధం కథలు తక్కువ, కాగితాల కథలు ఎక్కువ. మా ఇంటికొచ్చే పిల్లలకు ఇది పెద్ద నిరాశ. మీకు అలాంటి కాగితం కథ ఒకటి చెప్తాను.

సికింద్రాబాద్ నుంచి వాడి దాకా వేసిన రైలు మార్గం 1874 నుంచి నడుస్తోంది. వికారాబాద్, తాండూరు రెండూ దాని మీదే ఉన్నాయి. అవతలి చివర సికింద్రాబాద్ కంటోన్మెంటు, ఈఎంఈ సెంటరు, ఆర్డ్‌నెన్స్ సెంటరు, గోల్కొండ దగ్గర ఆర్టిలరీ సెంటరు. భర్తీకి పోవాలంటే పొద్దున రైలెక్కితే సరిపోయేది. అలా వెళ్ళిన ఒక జవాను, పేరు అవసరం లేదు, 1960ల చివర్లోనో 70ల మొదట్లోనో చేరాడనుకోండి. చేరేటప్పుడు ఇంటి చిరునామా రాయించాడు: హైదరాబాద్ జిల్లా. అప్పటికి అది నిజమే. 1978లో రంగారెడ్డి జిల్లా వచ్చింది. 2016లో వికారాబాద్ జిల్లా వచ్చింది. తాండూరు తాలూకా అయితే ఇంకో మెట్టు వెనక్కి పోవాలి. 1956కు ముందు అది గుల్బర్గా జిల్లాలో ఉండేది. మనిషి కదలలేదు, ఇల్లు కదలలేదు. జిల్లా మాత్రం మారుతూ పోయింది.

తర్వాత ఆ జవానుకు పెళ్ళయింది. యూనిట్‌కు తిరిగివెళ్ళాక పెళ్ళి సంగతి పార్ట్ టూ ఆర్డర్‌తో సర్వీసు రికార్డులో ఎక్కించాలి. ఆఫీసులో బిహారు క్లర్కో తమిళ క్లర్కో భార్య పేరడిగితే ఇతను "లక్ష్మి" అన్నాడు. ఊళ్ళో ఆమెను అందరూ పిలిచేది లక్ష్మమ్మ. రేషన్ కార్డులో లక్ష్మమ్మ, ఆధార్‌లో లక్ష్మమ్మ. పుట్టిన తేదీ రెండు చోట్లా వేరువేరు, ఎందుకంటే ఆమె పుట్టిన రోజును ఏ పుస్తకంలోనూ ఎవరూ రాయలేదు. ముప్పై నలభై ఏళ్ళు ఈ తేడా వల్ల ఎవరికీ నష్టం లేదు. నష్టం ఆయన పోయిన రోజున మొదలవుతుంది. కుటుంబ పింఛన్‌కు దరఖాస్తు పెడితే, రికార్డుల్లో ఉన్న లక్ష్మి, ఎదురుగా కూర్చున్న లక్ష్మమ్మ ఒక్కరేనని రుజువు చూపమంటారు. అఫిడవిట్ కావాలి, సర్పంచ్ సంతకం కావాలి, ఆయన రెజిమెంటు రికార్డు ఆఫీసు ఎక్కడుందో తెలియాలి. ఆర్టిలరీ వాళ్ళది నాసిక్‌లో, మద్రాస్ రెజిమెంటుది వెల్లింగ్టన్‌లో, మద్రాస్ ఇంజినీర్లది బెంగళూరులో. పింఛన్ మంజూరు చేసే పెద్ద కార్యాలయం ప్రయాగ్‌రాజ్‌లో. డెబ్బై ఏళ్ళ మనిషికి ఇందులో ఏ ఊరు దారి తెలుసు?

మాజీ సైనికుల సంఘం అంటే చాలామందికి గుర్తొచ్చేది పంద్రాగస్టు జెండా, లేకపోతే క్యాంటీన్ సీసా. నవ్వుకోండి, నేనూ నవ్వుతాను. కానీ ఈ సంఘాల చరిత్ర తిరగేస్తే అందులో చాలా వరకు ఇలాంటి కాగితాల పనే. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక లక్షల మంది భారతీయ సిపాయిలు ఇళ్ళకు తిరిగొచ్చారు. వాళ్ళ బాగోగులు చూడటానికి 1919లో ఇండియన్ సోల్జర్స్ బోర్డు పెట్టారు. ఇప్పటి కేంద్రీయ సైనిక్ బోర్డుకు మూలం అదే. బ్రిటన్‌లో 1921లో మాజీ సైనికులే కూడి బ్రిటిష్ లీజియన్ కట్టుకున్నారు. మన దేశంలో ఆ పనికి నడుం కట్టినవాడు జనరల్ కరియప్ప. 1953 జనవరి 14న సైన్యాధిపతిగా దిగిపోయిన ఆయన, 1964లో ఇండియన్ ఎక్స్-సర్వీసెస్ లీగ్‌కు ప్రాణం పోశాడు. దేశమంతటా మాజీ సైనికుల దినం జనవరి 14న జరపడం ఆయన పదవీ విరమణ గుర్తుగానే. పెద్ద హోదాలో ఉన్నవాళ్ళకు ఇలాంటి సంఘం అక్కర్లేదు, వాళ్ళకు ఫోన్లు చాలు. అక్కర ఉన్నది సిపాయికి, నాయక్‌కు, వాళ్ళ భార్యలకు.

ఇంకో సంగతి ఉంది. జెండా రోజున మీరు వేసిన డబ్బులు ఎక్కడికి పోతాయో చాలామంది అడగరు. అడగాలి. సైనిక పతాక దిన నిధి నుంచి రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధికి, అక్కడి నుంచి ఇళ్ళకు పోతాయి. 2025 అక్టోబరులో రక్షణ మంత్రిత్వ శాఖ ఈ సాయాలను రెట్టింపు చేసింది. పింఛన్ లేని, 65 ఏళ్ళు దాటిన పేద మాజీ సైనికుడికి లేదా అతని వితంతువుకు నెలకు 4,000 ఇచ్చేది 8,000 అయింది, బతికున్నంత కాలం. ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా చదివే ఇద్దరు పిల్లలకు నెలకు వెయ్యి ఉన్నది రెండు వేలయింది. ఆడపిల్ల పెళ్ళికి ఇచ్చే 50,000 ఇప్పుడు లక్ష. నవంబరు 1 నుంచి పెట్టుకున్న దరఖాస్తులకు కొత్త లెక్క.

దరఖాస్తు అన్నాను చూడండి, చిక్కంతా అక్కడే. ఎవరూ ఇంటికొచ్చి ఇవ్వరు. ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి, సైనిక సంక్షేమ కార్యాలయం దాన్ని చూసి పంపాలి. పదిహేనేళ్ళ సర్వీసు నిండకముందే ఏదో కారణంతో ఇంటికొచ్చేసిన జవాన్లకు మామూలుగా సర్వీసు పింఛన్ ఉండదు. పింఛన్ లేనివాడికి సంఘంతో పనేముందని వాళ్ళు మీటింగులకు రారు. రానివాళ్ళకు ఈ 8,000 సంగతి తెలియదు. ఎవరికోసం ఆ సాయం పెట్టారో సరిగ్గా వాళ్ళకే అది అందకపోవడం నాకు రాత్రిళ్ళు గుచ్చుకునే విషయం.

పింఛన్ వస్తున్నవాళ్ళకూ ఏడాదికోసారి గండం. బతికున్నామని ఏటా నిరూపించుకోవాలి, ఇప్పుడు అది స్పర్శ్ అనే ఆన్‌లైన్ పింఛన్ పద్ధతిలో. నాపరాయి గనుల్లో, కంది చేలల్లో అరిగిపోయిన వేళ్ళకు వేలిముద్ర మిషన్ పలకదు. ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి కూడా జీవన ప్రమాణ పత్రం ఇవ్వొచ్చు. పక్కింటి కాలేజీ పిల్లాడు తలుచుకుంటే అయిపోయే పని. ఆ పిల్లాడికి చెప్పేవాళ్ళు లేక ఒక ముసలాయన ఆటో మాట్లాడుకుని బ్యాంకు చుట్టూ తిరుగుతాడు.

మన జిల్లాలో సైన్యం మాటెత్తితే ఇప్పుడు దామగుండం అడవి దగ్గరే ఆగుతుంది. 2024 అక్టోబరులో అక్కడ నౌకాదళం వీఎల్‌ఎఫ్ రేడియో కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. అడవి పోతుందనేవాళ్ళున్నారు, దేశానికి కావాలనేవాళ్ళున్నారు. ఆ వాదన ఆ వాదనే. లక్ష్మమ్మ కాగితం పనికి ఇద్దరూ రావొచ్చు.

తొందర ఎందుకంటారా? నాలుగేళ్ళ సర్వీసు ఉండే అగ్నిపథ్ పథకం కింద తొలి అగ్నివీరులు 2022 చివర, 2023 మొదట్లో శిక్షణకు వెళ్ళారు. 2026 ఆఖరు నుంచి వాళ్ళ నాలుగేళ్ళు నిండుతాయి. అందులో నాలుగో వంతు దాకా మాత్రమే ఉంచుకుంటారు. మిగిలిన కుర్రాళ్ళు పాతికేళ్ళకు అటూ ఇటూ వయసులో, పింఛన్ లేకుండా, సేవా నిధి పేరుతో ఒకేసారి వచ్చే డబ్బుతో ఊళ్ళోకి దిగుతారు. ఆ డబ్బు చూసి ప్లాట్లమ్మేవాళ్ళు, చిట్టీలవాళ్ళు ముందే లైను కడతారు. వాళ్ళకంటే ముందు మనం స్టేషన్‌లో ఉండాలి.

కాబట్టి అడుగుతున్నాను. గత పదేళ్ళలో సర్వీసు ముగించి వచ్చిన తమ్ముళ్ళారా, మీకు కంప్యూటర్ వచ్చు, స్పర్శ్ వచ్చు. ఒక్కొక్కరు రెండు మూడు ఊళ్ళు తీసుకోండి. ఆ ఊళ్ళలో ఎవరు సైన్యంలో పనిచేశారో, ఎవరి భార్య ఒంటరిగా ఉందో, ఎవరికి పింఛన్ లేదో ఒక నోటుబుక్కులో రాయండి. టీచర్లు, పోస్ట్‌మాన్లు, బ్యాంకు ఉద్యోగులు, మీసేవ నడిపేవాళ్ళు: ఇలాంటి మనిషి మీ కౌంటరు ముందుకొస్తే రేపు రమ్మనకండి, మా మాజీ సైనికుల సంఘం వాళ్ళకు ఒక ఫోను చేయండి. ఉర్దూ, కన్నడ చదవగలిగినవాళ్ళు మాకు ప్రత్యేకంగా కావాలి. తాండూరు వైపు పాత కాగితాలు ఆ లిపుల్లో బయటపడుతుంటాయి.

సంఘంలో పనిచేసిన పెద్దలకు వేరే మనవి. మీ ఇంటి అటక మీద పాత మినిట్స్ పుస్తకాలు, జెండా రోజు ఫొటోలు, చందా రసీదు పుస్తకాల అడుగులు ఉంటే చెదలకు వదలకండి. అందులో ఉన్న ఒక పేరు, ఒక ఆర్మీ నంబరు ఒక్కోసారి ఒక ఇంటికి రుజువవుతుంది.

బతికున్న మాజీ సైనికులారా, ఈ వారమే డిశ్చార్జ్ బుక్కు తీయండి. పీపీఓలో, అంటే పింఛన్ చెల్లింపు ఉత్తర్వులో, భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయో లేదో చూడండి. మీ చేతులతో ఇప్పుడు సరిదిద్దితే ఒక దరఖాస్తుతో పోతుంది. మీరు పోయాక ఆమె సరిదిద్దాలంటే ఏళ్ళు పడుతుంది. ఈ మాట ఇంట్లో ఎత్తడం అపశకునం అనుకుంటే నాకు చెప్పండి, నేనొచ్చి ఎత్తుతాను.

చివరగా ఆడపడుచులకు. పని చేసిపెడతామని వచ్చి పింఛన్ బకాయిల్లో వాటా అడిగేవాళ్ళుంటారు. సంఘం ఈ పనికి పైసా తీసుకోదు. ఎవరొచ్చినా, నేనొచ్చినా సరే, డిశ్చార్జ్ బుక్కు, పీపీఓ అసలువి చేతికివ్వకండి. జిరాక్స్ చాలు. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయకండి. ఏటీఎం కార్డు మీ కొంగులోనే ఉండనివ్వండి.