ఢిల్లీ లేఖ: సంతకానికి సాక్షి మరొక సంతకం

పటియాలా హౌస్ న్యాయస్థానాలకు చేరువలో, తిలక్ మార్గ్‌లో, విదేశాంగ మంత్రిత్వ శాఖ కాన్సులర్ విభాగం వున్నది. పార్లమెంటు సమావేశాల రోజుల్లో అటు పోయినప్పుడు, ఆ వాకిట కాగితాల సంచులు చంకన పెట్టుకుని నిలుచున్న తెలుగువారిని ఒకప్పుడు తరచు పలకరించేవాడిని. పట్టాపై కేంద్ర ప్రభుత్వ ముద్ర కోసం జగిత్యాల నుంచో, కడప నుంచో వచ్చినవారు వారు. 2019లో హైదరాబాదుతో సహా పదిహేను నగరాలకు ఆ అధికారం పంచిన తరువాత ఢిల్లీ ప్రయాణం తప్పింది. తిప్పలు తప్పాయని మాత్రం చెప్పలేను.

1961 అక్టోబరు 5న హేగ్‌లో కుదిరిన ఒడంబడిక ఉద్దేశం సరళమైనది. ఒక దేశం తన ప్రభుత్వ పత్రానికి తానే 'అపోస్టిల్' అనే ధ్రువీకరణ జతచేస్తే, పత్రం చేరవలసిన దేశపు రాయబార కార్యాలయం గడప తొక్కే పని వుండదు. ఇది 2005 జూలై 14 నుంచి మనకు వర్తిస్తున్నది. అయితే ఒడంబడిక ఎత్తివేసింది పరాయి గడపనే. మన యింటి గడపలు మనవద్దనే మిగిలాయి. విశ్వవిద్యాలయం సంతకానికి రాష్ట్ర విద్యాశాఖ, జనన, వివాహ పత్రాలకు రాష్ట్ర సాధారణ పరిపాలన శాఖ లేదా హోంశాఖ సాక్ష్యం పలకాలి. ఆ సాక్షికి మంత్రిత్వ శాఖ సాక్షి. అపోస్టిల్‌కు నిర్ణయించిన రుసుము 50 రూపాయలు. వరుసలో నిలబడలేనివాడు మధ్యవర్తికి చెల్లించేది దానికి ఎన్నో రెట్లు.

నకిలీ పట్టాల బెడద వున్న దేశంలో యీ జాగ్రత్త అనవసరమని కొట్టిపారేయలేము. కాని ఒడంబడిక అయిదవ అధికరణం ప్రకారం అపోస్టిల్ ధ్రువపరచేది సంతకాన్ని, సంతకం చేసినవారి హోదాను, ముద్రను మాత్రమే. పత్రంలోని విషయం నిజమా కాదా అన్నది దాని పరిధిలోనిదే కాదు. ఇన్ని గడపలు దాటించినా అసలు ప్రశ్న ఎవరూ వేయరన్నమాట!

గల్ఫ్ దేశాలలో ఒమన్ 2012లో, బహ్రెయిన్ 2013లో, సౌదీ అరేబియా 2022లో యీ ఏర్పాటులోకి వచ్చాయి. సౌదీ చేరేనాటికి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, కువైట్, కతర్ బయటనే వున్నాయి. దుబాయి పోదలచిన నర్సుకు అపోస్టిల్ చాలదు. రాయబార కార్యాలయం ముద్ర, అక్కడికి చేరాక ఆ దేశపు విదేశాంగ శాఖ ముద్ర కూడా కావలసి వచ్చేవి.

చేరినంత మాత్రాన అందరూ నమ్మరు. భారత్ చేరికకు జర్మనీ అభ్యంతరం చెప్పింది. ఫలితంగా మన అపోస్టిల్ అక్కడ చెల్లలేదు. 2023లో చైనా చేరినప్పుడు అదే అధికరణం కింద అదే పని మనం చేశాము. కాగితంపై అపనమ్మకం వెనుక రాజకీయ అపనమ్మకం ఎంత వున్నదో బయటికి చెప్పే ఆనవాయితీ ఏ రాజధానిలోనూ లేదు.

పార్లమెంటు విలేఖరిగా నాకు మరొకటి తోస్తుంది. కేంద్ర జాబితాలోని 14వ అంశం ఒడంబడికలపై శాసనం చేసే అధికారం పార్లమెంటుకు యిచ్చింది. ఒడంబడికలలో చేరే పద్ధతిని నిర్ణయిస్తూ పార్లమెంటు చట్టం చేయలేదు. చేరడం, అభ్యంతరం చెప్పడం ప్రభుత్వం తనంతట తాను చేసే పనులు. నియోజకవర్గాలలో వేలమందిని తాకే యీ వ్యవహారం సభలో చాలావరకు లిఖితపూర్వక సమాధానాలతోనే సరిపోతున్నది.

మా దగ్గర బంధువుల అబ్బాయి ఒకడికి పదవ తరగతి పత్రంలో ఇంటిపేరు ఒక్క అక్షరం. పాస్‌పోర్టులో పూర్తిగా వున్నది. మన తెలుగువారికి యిది వింతకాదు. ముద్రలన్నీ సక్రమంగా పడిన తరువాత, గల్ఫ్‌లోని యజమాని కార్యాలయం యిద్దరూ ఒకరేనని రుజువేమిటని అడిగింది. అతడు నోటరీ ఎదుట ప్రమాణ పత్రం వ్రాయించుకున్నాడు. ఆ నోటరీ సంతకం నిజమైనదేనని చెప్పించడానికి మళ్లీ రాష్ట్ర సచివాలయం దగ్గర మొదలుపెట్టవలసి వచ్చింది.