పెళ్లి క్యాసెట్టుకి ఇన్ని తాళాలా?

మిక్సీ కొంటే పచ్చడి రుబ్బుకుంటాం. అది మన ఈమెయిల్ అడగదు. "ఈ జారు మీ దేశంలో తిరగదు" అనదు. రోజూ ఇన్ని యంత్రాలతో వేగే ఆడవాళ్లకి ఒక డిస్కు పెట్టి బొమ్మ చూడటం చేతకాదంటే నేను ఒప్పుకోను. మనకి చేతకాక కాదు, వాళ్లు కావాలనే కష్టం చేసి పెట్టారు. పది రోజులు తిప్పలు పడ్డాక అంటున్న మాట ఇది.

మా ఆడపడుచు పెళ్లి 2012లో అయింది. వీడియో తీసినతను "డీవీడీ పాతబడిపోయిందండీ, బ్లూ-రే ఇస్తా, అద్దంలా కనబడుతుంది" అని రెండు డిస్కులు చేతిలో పెట్టాడు. బంధువులింట్లో ప్లేయరుంటే ఒక్కసారి చూశాం. తర్వాత అవి బీరువాలో పట్టుచీరల అడుగుకి చేరాయి. మామయ్యగారు పోయి నాలుగేళ్లయింది. ఈసారి తద్దినానికి ముందు అత్తయ్య నన్ను పిలిచి, "అమ్మాయ్, ఆ పెళ్లి క్యాసెట్టులో మీ మామయ్య మాట ఉంటుంది కదూ. గోడమీద ఫోటోలో మనిషున్నాడు గానీ మాట లేదు. ఒక్కసారి వినిపించవే" అన్నారు.

అత్తయ్య నన్ను నోరు తెరిచి ఏదైనా అడగడమే అరుదు. ఇంత చిన్న కోరిక తీర్చలేనా అనుకున్నాను.

లాప్‌టాప్‌కి డిస్కు పెట్టే చోటే లేదు. అటక మీది పాత కంప్యూటర్ దింపి దాని డీవీడీ డ్రైవులో పెడితే, అది గిరగిరా తిరిగి అసలు డిస్కే లేదంది. డీవీడీని చదివేది ఎర్ర లేజరు, బ్లూ-రేని చదివేది నీలం ఊదా కలిసిన సన్నటి లేజరు. అందుకే డీవీడీలో ఒక పొరకి 4.7 జీబీ పడితే, అంతే సైజు బ్లూ-రేలో 25 జీబీ పడుతుంది. సన్నసూదితో చేసిన పనిని దబ్బనంతో విప్పలేం కదా! సరే, యూఎస్‌బీకి తగిలించే బ్లూ-రే డ్రైవు కొన్నాం. అంతా అయిపోయిందనుకున్నాను.

బిల్లు కట్టాక షాపతను చల్లగా చెప్పాడు. "ప్లే అవ్వాలంటే సాఫ్ట్‌వేర్ వేరేగా కొనాలి మేడమ్, నాలుగు వేల చిల్లర అవుతుంది." డబ్బా మీద ఆ మాట ఎక్కడుందయ్యా అంటే భూతద్దం పెట్టి వెతకాల్సినంత చిన్న అక్షరాల్లో ఉంది. విండోస్‌తో పాటు బ్లూ-రే ఆడించే ప్రోగ్రాం రాదట. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే.

మా ఆయన "పోనీ కొనేద్దాం, గొడవొదిలిపోతుంది" అన్నారు. మావాడు "ఇప్పుడు డిస్కులెవరు చూస్తున్నారమ్మా, అన్నీ ఓటీటీలో ఉన్నాయిగా" అన్నాడు. మీ తాతయ్య మాట ఏ ఓటీటీలో ఉందిరా అంటే నోరు మూసుకున్నాడు.

రాత్రి వంటిల్లు సర్దుకున్నాక నేనే వెతకడం మొదలుపెట్టాను. "ఉచిత బ్లూ-రే ప్లేయర్" అని ఊరించేవి బోలెడు. ఒకటి అయిదు నిమిషాలు ఆడించి డబ్బడిగింది. ఇంకోటి బొమ్మ మధ్యలో తన పేరు అచ్చేసింది. మూడోది అడగని సామాను నాలుగు రకాలు కంప్యూటర్లోకి తెచ్చిపెట్టింది. అవన్నీ తీసేసి, చివరికి మావాడు సినిమాలు చూసే వీఎల్‌సీనే తెరిచాను. 1996లో ఫ్రాన్స్‌లో కాలేజీ విద్యార్థులు మొదలుపెట్టిన ప్రాజెక్టులోంచి పుట్టింది అది, పైసా అడగదు. అందులో మీడియా, ఓపెన్ డిస్క్, బ్లూ-రే, ప్లే. అంతే! సన్నాయి మోగింది.

అంటే ఆ నాలుగు వేలు నాకు అక్కర్లేదన్నమాట. "మీ దగ్గరున్నది పెళ్లి డిస్కా, సినిమా డిస్కా?" అని షాపులో ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. ఫోటోగ్రాఫరు రాసిచ్చే డిస్కుకి తాళం ఉండదు. కంపెనీ అమ్మే సినిమా డిస్కుకి ఉంటుంది. ఈ ఒక్క తేడా ఎవరూ చెప్పరు, ఎందుకంటే చెబితే సాఫ్ట్‌వేర్ అమ్ముడుపోదు.

ఆ తాళం సంగతి కూడా నాకు అనుభవమే. అమెరికాలో ఉన్న మా తమ్ముడు ముచ్చటపడి సత్యజిత్ రాయ్ "పథేర్ పాంచాలి", దాని తర్వాతి రెండు సినిమాల బ్లూ-రేలు పంపాడు. 1993లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆ సినిమాల నెగటివ్‌లు కాలిపోతే, మిగిలినవాటిని ఎంతో ఓపికగా బాగుచేసి తెచ్చిన ప్రింట్లవి. అదే డ్రైవు, అదే వీఎల్‌సీ. ఆడలేదు. సినిమా డిస్కులకి ఏఏసీఎస్ అనే తాళం వేస్తారు. దాని తాళంచెవి లైసెన్సు తీసుకున్న ప్రోగ్రాముల దగ్గరే ఉంటుంది. ఆ చెవులు మారుతుంటాయి కాబట్టి డబ్బిచ్చి కొన్న ప్రోగ్రాం కూడా మధ్యమధ్యలో అప్‌డేట్ అడుగుతుంది. మానిటరుకి ఇంకో తాళం, దాని పేరు హెచ్‌డీసీపీ. ఇవి చాలవన్నట్టు ప్రపంచాన్ని మూడు ముక్కలు చేశారు. అమెరికా ఏ, మనం సీ. మన దేశంలో తీసిన సినిమా అమెరికా చుట్టూ తిరిగి మన ఇంటికొచ్చి, మీది వేరే ప్రాంతం అంటోంది!

4కె డిస్కులైతే ఇంకా విచిత్రం. వాటిని కంప్యూటర్లో అధికారికంగా చూడాలంటే ఇంటెల్ ప్రాసెసర్లో ఎస్‌జీఎక్స్ అనే ఏర్పాటు ఉండాలన్నారు. తర్వాత వచ్చిన 11, 12వ తరం కోర్ ప్రాసెసర్లలో దాన్నే తీసేశారు. కొత్త కంప్యూటర్ కొన్నవాళ్లకి పాత కంప్యూటర్లో ఆడిన డిస్కు ఆడదు. కొత్త కుక్కర్లో పాత బియ్యం ఉడకవంటే మనం ఊరుకుంటామా?

దొంగ కాపీలు ఆపాలి కదా అంటారు. ఆపాలి, నేనూ కాదనను. సినిమా తీసినవాళ్లు నష్టపోవాలని నాకేం లేదు. కానీ బ్లూ-రే బజారులోకి వచ్చింది 2006లో. 2007కల్లా ఆ తాళంచెవి ఒకటి ఇంటర్నెట్ నిండా పాకిపోయింది. దొంగని తాళం ఏడాది కూడా ఆపలేదు. నన్ను మాత్రం ఇప్పటికీ ఆపుతోంది. ఎక్కణ్ణించో దొంగ ఫైలు దించుకున్నవాడు ఒక్క నొక్కుతో హాయిగా చూస్తున్నాడు. డబ్బిచ్చి కొన్న మనం గడప బయట నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. ఇది దొంగల్ని పట్టడం కాదు, కొన్నవాళ్లని అనుమానించడం.

ఇక ఓటీటీ ఉందిగా అనేవాళ్లకి ఒక మాట. నెలనెలా కడుతున్నది అద్దె. ఒప్పందం అయిపోగానే నిన్నటిదాకా ఉన్న సినిమా ఇవాళ ఉండదు. మనం కొన్న గిన్నె మన అల్మరాలో ఉన్నట్టు, మనం కొన్న సినిమా మన దగ్గరుండాలని కోరుకోవడం పాతకాలపు పట్టుదలేం కాదు.

నేనడిగేది గొంతెమ్మ కోరికలు కావు. ఆడించే ప్రోగ్రాం డ్రైవుతో పాటే ఇవ్వండి. ఇవ్వకపోతే ఆ మాట డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాయండి. సినిమా డిస్కు కొన్నవాళ్లకి డిస్కు పెట్టి ప్లే నొక్కితే బొమ్మ రావాలి. సులువైన సాఫ్ట్‌వేర్ అంటే నా లెక్కలో అంతే.

అన్నట్టు, మా అత్తయ్య చూశారు. మామయ్యగారు ఎక్కడ మాట్లాడతారా అని ముందుకి వంగి కూర్చున్నారు. కన్యాదానంలో ఆయన గొంతు మేళాల్లో కలిసిపోయింది. భోజనాల దగ్గర మాత్రం "ఆ చివరి పంక్తికి నెయ్యి రాలేదురా!" అని పందిరి ఎగిరిపోయేలా అరిచారు. అత్తయ్య పకపకా నవ్వి, కొంగుతో కళ్లొత్తుకుని, "మళ్లీ పెట్టు" అన్నారు. నాలుగుసార్లు పెట్టాను.

మీ బీరువాలోనూ ఇలాంటి డిస్కు ఉండే ఉంటుంది. ఈ ఆదివారం తీయండి. డ్రైవు కొనేముందు తెలిసినవాళ్ల దగ్గర అరువు దొరుకుతుందేమో చూడండి. వీఎల్‌సీని దాని సొంత సైటు నుంచే దించుకోండి. పెళ్లి డిస్కుకైతే సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టేముందు దాంతో ఒకసారి ప్రయత్నించండి. ఆడితే అక్కడితో ఆగకుండా, డిస్కులోని బీడీఎంవీ అనే ఫోల్డరుని మొత్తంగా హార్డ్‌డిస్కులోకి కాపీ చేయండి. ఇంకో కాపీ అక్కచెల్లెళ్ల ఇంట్లో ఉంచండి. అలా రాసిన డిస్కులు కలకాలం ఉండవు, వాటిని చదివే డ్రైవులూ కనుమరుగవుతున్నాయి. మా ఆడపడుచుకి నిన్ననే ఒక కాపీ పంపాను. తమ్ముడు పంపిన సినిమాలు మాత్రం ఇంకా బీరువాలోనే ఉన్నాయి.